ఓడలో కొసరు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో పక్కసీటు మనిషికి నా బేరం గొప్ప చెప్పుకుంటున్నాను. ఓడ విహారానికి గది, తిండి కలిపి ఒకే ధర. మేము తాగం కాబట్టి మందు ప్యాకేజీ తీయించేశాను. బిల్లులో ఇంకా ఓడ పనివాళ్లకని ముందే కలిపేసిన టిప్పులున్నాయి. ఓడెక్కగానే అవీ తీయించేస్తానన్నాను.

అతను నవ్వాడు. "అడిగితే తీసేస్తారన్నా. నేను అట్లాంటి ఓడలోనే గదులు సర్దుతాను. మా సెల్లెలి నర్సింగు సదువు ఆ టిప్పులతోనే జరుగుతాంది."

"మా అంగట్లో కొసరు అమ్మేవాళ్లమే ఇస్తామప్పా," అన్నాను.

"ఆడ కొనేటోళ్లు ఇస్తారన్నా. వచ్చే ఏడు మా సెల్లెలు నర్సమ్మ అయితాది," అని ఎమ్మిగనూరులో దిగిపోయాడు.

ఓడ కౌంటర్‌లో నా వంతు వచ్చినప్పుడు టిప్పులు అలాగే ఉంచమన్నాను. మా ఆవిడ నాకు జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.