ఫాస్టింగ్‌తో రమ్మన్నాను

ఒమాన్‌లోని సహం అనే ఊళ్లో నేను పనిచేసిన క్లినిక్ గోడ మీద ఒక నిండు గర్భిణి బొమ్మ ఉండేది. చేతిలో ఓట్స్ గిన్నె, పక్కన పచ్చటి బ్రోకలీ, మొహం నిండా నవ్వు. అక్కడికొచ్చే మా తెలుగు ఆడవాళ్లలో బ్రోకలీ రుచి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఏటా ఒకరోజు షుగర్ మీద అవగాహన అంటూ టెంటు వేసి, ఉచితంగా వేలు గుచ్చి చూసి, వెళ్లేటప్పుడు ప్రతివాళ్ల చేతిలో మామిడి జ్యూస్ డబ్బా ఒకటి పెట్టేవాళ్లు. ఆ తెలివికి రెండు చేతులా దండం పెట్టాలి.

రెండువేల పదిహేనులో నేనక్కడ నర్సును. మా డాక్టరు కాగితాన్ని చూసేవాడు తప్ప మనిషిని చూసేవాడు కాదు. గర్భిణులకు తిన్న తర్వాత షుగర్ కూడా చూడాలి కదా సార్ అని ఒకసారి అన్నాను. "డాక్టరువి నువ్వా, నేనా?" అన్నాడు. అలాంటివాడితో వాదించడం నా స్థాయి కాదని నాకు నేనే గొప్పగా సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే పాలకొల్లు పిల్ల ఒకతె ఆరో నెలతో వచ్చింది. మాది నరసాపురం అనగానే అక్కా అని వరస కలిపేసింది. అంతకుముందు రెండు కడుపులు పోయాయట. ఈసారైనా బిడ్డ దక్కాలి, అంతే, ఆమెకు లోకంలో ఇంకో ఆలోచన లేదు. షుగర్ చూస్తే ఎక్కువే వచ్చింది. రెండు వారాలకోసారి చూద్దాం, తగ్గకపోతే ఇన్సులిన్ అన్నాడు డాక్టరు. ఆమె మొగుడు క్రేన్ ఆపరేటరు. "సూది మొదలెడితే చచ్చేదాకా వదలదంటండీ" అని నాకే పాఠం చెప్పాడు. పన్నెండేళ్ల సర్వీసున్నదాన్ని, క్రేను తోలేవాడి దగ్గర వైద్యం నేర్చుకోవలసి వచ్చింది. నేను ఏం తినాలో పథ్యం చెప్పి, చీటీ మీద తేదీ రాసిచ్చి, "గురువారం ఫాస్టింగ్‌తో రా అమ్మాయ్" అని పంపేశాను.

మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అంకె చక్కగా దిగింది. ఇన్సులిన్ అక్కర్లేదని డాక్టరు తల కూడా ఎత్తకుండా చెప్పాడు. పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. ఎండలకేమో అనుకున్నాను. వాపు చూసి బలుపనుకునేవాళ్లను వెక్కిరిస్తాం గానీ మేం చేసింది అంతకన్నా ఘనకార్యం. నేను చెప్పిన పథ్యమే పనిచేసిందని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ మూడోసారి మర్నాడు శుక్రవారం. గల్ఫులో మా ఆదివారం ఆరాధన శుక్రవారమే, అద్దె విల్లా హాల్లో. పాస్టరమ్మ సాక్ష్యాలు చెప్పమంది. మందులు మనుషులవి, స్వస్థత దేవునిది అని వారం వారం చెప్పే ఈవిడ, పన్ను నొప్పి వస్తే మాత్రం మస్కట్ దాకా కారు కట్టించుకుని పోయేది. పాలకొల్లు పిల్ల లేచి మైకు పట్టుకుంది.

"నర్సక్క ఫాస్టింగ్‌తో రమ్మన్న ప్రతిసారీ మూడేసి రోజులు మంచినీళ్ల మీదే ఉండి, ప్రార్థన చేసుకుని వెళ్లానండీ. దేవుడు నా షుగర్ తీసేశాడు. నాచేత ఉపవాసం చేయించిన అక్కకి వందనాలండీ."

చప్పట్లు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. మా వాళ్లకు ఫాస్టింగ్ అంటే ఫాస్టింగ్ ప్రేయరే, ఇంకో అర్థం లేదు. ఆ సంగతి పుట్టినప్పటినుంచీ అదే సంఘంలో పెరిగిన నాకు తెలియకపోవడానికి వీల్లేదు.

బిర్యానీలయ్యి రెండు గంటలు గడిచేదాకా ఆమెను కదలనివ్వలేదు. అప్పుడు నా సంచిలోని మీటరు తీసి వేలు గుచ్చాను. రెండువందల ముప్పై రెండు.

"పిల్లలో అపనమ్మకం నాటుతున్నావు సిస్టర్" అంది పాస్టరమ్మ.

"మీరు కాసేపు ఊరుకోండి" అన్నాను.

"నిన్న లేనిది ఇవాళ ఎలా వచ్చిందండీ?" అన్నాడు మొగుడు.

"నిన్న కడుపులో ఏమీ లేదు కాబట్టి."

ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అంటే అక్కా, ఆ తొమ్మిది రోజులూ నా బిడ్డ కూడా తినలేదా?"

డాక్టరును, పాస్టరమ్మను, క్రేనువాణ్ణి తిట్టుకోవడానికి నా దగ్గర ఎన్ని మాటలుండేవో. ఈ పిల్లకు చెప్పాల్సింది మాత్రం ఒక్క మాటే. పరగడుపున రా అని ఉంటే సరిపోయేది. మా అమ్మ రోజూ అనే మాట అది. తెల్ల యూనిఫాం వేసుకున్నాక నాకు మోటుగా తోచి వదిలేశాను.

శనివారం డ్యూటీ మానేసి నేనే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఇన్సులిన్ మొదలైంది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళితే తల్లి పాపను నా ఒళ్లో పెట్టింది. పాలు తాగిందా అని అడిగాను.

"తాగిందక్కా" అంది. "ఇంక ఎవరు చెప్పినా దీన్ని పస్తు పెట్టను."