మూత మీద చెయ్యి

భాయ్ పోయారని ఫోను వచ్చేసరికి నేను ఎలమంచిలి దగ్గర మా ఊరి తోటలో సరుగుడు కట్టెలు బండికి ఎక్కిస్తున్నాను. ఫోను చేసింది ఆయన కొడుకు. "అబ్బా లేరు చాచా. పొద్దున్న నమాజుకి లేచి, మళ్ళీ మంచం మీద కూర్చుండిపోయారు" అన్నాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తామని పక్కనున్నవాళ్ళెవరో ఫోను అందుకుని చెప్పారు. ఎక్కించిన కట్టెలు దించాలో, అలాగే తీసుకుని బయల్దేరాలో తోచక కాసేపు నిలబడ్డాను. తర్వాత ఒక్కో కట్టె తీసి, నరికిన చివర చెంపకు ఆనించి చూశాను. లోపల తడి ఉంటే చెంపకు చల్లగా తగులుతుంది. అలా చూడడం నాకు నేర్పింది ఆయనే. ఆ రోజు ఆ కట్టెలతో ఎవరికీ పని లేదు. అయినా చూశాను.

పట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆయనకు ఆరు బల్లల బిరియానీ హోటలు ఉండేది. దానికొక పేరూ బోర్డూ ఉన్నాయి గాని, ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. భాయ్ హోటలంటే చాలు. పోర్టు పనివాళ్ళు, మార్కెట్లో మూటలు మోసేవాళ్ళు, చుట్టుపక్కల కొట్లవాళ్ళు అక్కడ తినేవారు. రోజుకి ఒకటే డేకిసా బిరియానీ. ఎంత గిరాకీ ఉన్నా రెండోది పొయ్యి మీదకి ఎక్కేది కాదు. గ్యాసు మీద దమ్ము కుదరదని ఆయన నమ్మకం. అందుకే పదిహేడేళ్ళు నా కట్టెలు ఆ సందులోకి వెళ్ళాయి.

డేకిసా మూత అంచుకి మైదా ముద్ద పెట్టి, మూత మీద నిప్పులు పోసి, ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. చివర్లో నిప్పులు తోసేసి, మడిచిన తువ్వాలు మూత మీద వేసి, దాని మీద అరచెయ్యి ఆనించేవారు. గడియారం చూసేవారు కాదు. ఎప్పుడు తియ్యాలో ఆ చేతికి తెలిసేది. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "నాకు తెల్సేదేటి బావ. అదే సెప్తాది. అది సెప్పీదాకా మనం నోర్మూసుకుని కూకోవాల. అంతే పని" అన్నారు. మూత తీశాక మొదట అడుగు నుంచి ఒక ముక్క తీసి, ఎముక దగ్గర విరిచి చూసుకునేవారు. ఆ తర్వాతే మొదటి ప్లేటు బయటికి వెళ్ళేది.

ఊరూరూ తిరిగి హోటళ్ళలో తిని చూపించే టీవీ ప్రోగ్రాం ఒకటుంది. మూడేళ్ళ కిందట వానాకాలంలో ఆ టీవీవాళ్ళు భాయ్ హోటలుకి వచ్చారు. ముందు రోజు మా ఊళ్ళో పెద్ద వాన. నా దగ్గరున్న కట్టెల్లో సగం తడిశాయి. తడివి అడుగున వేసి, పొడివి పైన పేర్చి తీసుకెళ్ళాను. "ఎండినాయా బావ?" అని ఎప్పుడూ అడిగినట్టే అడిగారు. ఎండాయని చెప్పాను.

టీవీవాళ్ళు ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే యారాడ వెళ్ళి అక్కడి చేపల వంట కెమెరాలో తీసుకోవాలట. ఎండ సరిగ్గా పొయ్యి మీద పడుతోంది, ఇప్పుడు మూత తీస్తే ఆవిరి బాగా కనబడుతుందని తొందర పెట్టారు. భాయ్ తువ్వాలు మీద చెయ్యి ఆనించి, తీసేసి, మళ్ళీ ఆనించారు. ఇంకా అవలేదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. నాలుగోసారి అడిగేసరికి ఆయన మైదా ముద్ద గీరేశారు. ఆవిరి లేచింది. యాంకరు పైపొర నుంచి వడ్డించిన ప్లేటు తిని కళ్ళు మూసుకుని మెచ్చుకున్నాడు. ఆ ఒక్కరోజు భాయ్ అడుగు ముక్క చూసుకోలేదు. కెమెరా ఆయన చుట్టూనే తిరుగుతోంది.

అడుగు సగం పచ్చిగా ఉంది. ఆ సగం రోజూ వచ్చేవాళ్ళకి వెళ్ళింది. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయన ఒకాయన ముక్కలన్నీ ప్లేటు అంచుకి తోసి, అన్నం మాత్రం తిని వెళ్ళిపోయాడు. కడగడానికి వచ్చిన ఆ ప్లేటు దగ్గర భాయ్ చాలాసేపు నిలబడ్డారు. పంపు తిప్పి ఉంది, నీళ్ళు పోతున్నాయి, ఆయన కట్టలేదు.

ప్రోగ్రాం వచ్చాక సందు నిండా కార్లు. భాయ్‌కి మాత్రం తన చేతి మీద నమ్మకం పోయింది. తీసే వేళ కాకముందే మైదా ముద్ద కొంచెం గీరి లోపలికి చూసేవారు, మళ్ళీ మూసేవారు, మళ్ళీ గీరేవారు. ఆవిరి అలా పోతే దమ్ము ఏం నిలుస్తుంది? ఒకరోజు మెత్తన, ఒకరోజు పలుకు. కొత్తవాళ్ళు ఫోటోలు తీసుకుని సంతోషంగానే వెళ్ళేవారు. పాతవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. క్రేన్ పెద్దాయన రావడం మానేశాడు.

"నెలాఖరుకి మూసెద్దామనుకుంటన్నాను బావ" అన్నారు ఒకరోజు, కట్టెలు దించుతుంటే. "దానికి ముందు, ఆ టీవీలో సూపించిన హోటళ్ళు ఒకపాలి సూసొద్దాం. ఆళ్ళెలాగ నిలబడినారో."

హోటలుకి శుక్రవారం సెలవు. ఆ శుక్రవారం పొద్దున్నే నా కట్టెల బండిలోనే బయల్దేరాం. దారంతా నాకు ఒకటే గుబులు. ఆ రోజు కట్టెలు తడివని చెప్పేస్తే, తప్పు తన చేతిది కాదని ఆయనకు తెలుస్తుంది, హోటలు నిలుస్తుంది. చెబితే, ఇన్ని నెలలు దాచినవాణ్ణని కూడా తెలుస్తుంది. అనకాపల్లి దాటాక చెబుదామనుకున్నాను. దాటాక, ఎలమంచిలి రానీ అనుకున్నాను.

మొదటిది ఎలమంచిలి దాటాక రోడ్డు పక్క ఇడ్లీ పాక. నడిపేది ఒక ముసలామె. ఆమె భాయ్‌ని చూసి గుర్తుపట్టింది. "టీవీలో లావుగున్నావు, ఇలాగ సిక్కిపోనావేటి?" అంది. "కెమెరా ఎల్లిపోయింది గదా అమ్మా, గాలి తీసీసినారు" అన్నారు ఆయన. తినేముందు నేరుగా వెనక్కి, ప్లేట్లు కడిగే చోటుకి వెళ్ళారు. ఆ రోజంతా ఎక్కడికెళ్ళినా అదే పని. సగం కొరికిన ఇడ్లీలు బకెట్టులో చాలా ఉన్నాయి. కెమెరా కోసమని ఆ రోజు ఇడ్లీ మునిగేలా నెయ్యి పొయ్యమన్నారట. పోసింది. ఇప్పుడు కార్లలో వచ్చేవాళ్ళందరూ అలాగే పొయ్యమంటారు, తినలేక వదిలేస్తారు. తమ ఊరివాళ్ళు ఇక్కడ తినడం మానేశారని మామూలుగా చెప్పి, ఆమె మాకు నెయ్యి లేకుండా పెట్టింది.

తునిలో జుమ్మా నమాజుకి ఆగాం. మసీదు మెట్లు దిగి వచ్చి బండి ఎక్కబోతూ భాయ్ తలుపు పట్టుకుని కొంచెంసేపు అలాగే ఉన్నారు. నుదుటి మీద చెమట. ఏమైందని అడగలేదు. ఎండకేమోలే అనుకున్నాను. ఇప్పుడు ఆ తలుపు వేసినప్పుడల్లా గుర్తొస్తుంది.

రెండోది తుని అవతల కుండ కోడికూర హోటలు. భాయ్ బయట మాంసం తినరు, అన్నం పప్పు పెట్టించుకున్నారు. వెనక చూస్తే గ్యాసు పొయ్యి మీద పెద్ద అల్యూమినియం గిన్నెలో కూర ఉడుకుతోంది. దాన్ని గరిటెలతో కుండల్లోకి పోసి బల్లల మీదకి పంపుతున్నారు. యజమాని ఏమీ దాచలేదు. టీవీవాళ్ళు వచ్చేదాకా తన దగ్గర కుండలే లేవనీ, కుండలో అయితే బాగా కనబడుతుందంటే ఆ రోజే కొన్నాననీ నవ్వుతూ చెప్పాడు. అతనికి నిద్ర బాగానే పడుతున్నట్టుంది. బండెక్కాక భాయ్, "ఆడు నాకన్న నయం బావ. ఆడు సేసింది దాయకుండా సెప్పీసినాడు" అన్నారు.

మూడోది కత్తిపూడి దాటాక చేపల పులుసు హోటలు. ఆయన అసలు చూద్దామని వచ్చింది దీన్నే. వాళ్ళూ ఆయనలాగే రోజుకి ఒకటే గిన్నె వండుతారని ప్రోగ్రాంలో చెప్పారట. వెళ్ళేసరికి షట్టరు దించి ఉంది. పైన యాంకరు, యజమాని కలిసి నవ్వుతున్న ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోయి, ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. పక్క కిళ్ళీ కొట్టు మనిషి, వచ్చే జనానికి ఆయన వండలేకపోయాడనీ, కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడనీ చెప్పాడు. భాయ్ షట్టరు దగ్గరికి వెళ్ళి దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు, డేకిసా మూత మీద వేసినట్టే.

వెనక్కి వస్తుంటే ఎలమంచిలి ఇవతల ఇంజను వేడెక్కింది. బండి పక్కకి ఆపి, ఇద్దరం సరుగుడు తోట గట్టు మీద కూర్చున్నాం. అక్కడ ఇక తప్పించుకోలేకపోయాను.

"భాయ్, టీవీవాళ్ళు వచ్చిన్నాడు నానేసిన కట్టెలు తడివి. అడుగునేసీసి, ఎండినాయని సెప్పీసినాను" అన్నాను.

ఆయన కింద పడిన సరుగుడు పుల్ల ఒకటి తీసి విరుస్తున్నారు. తలెత్తలేదు.

"తెల్సు బావ."

"ఎప్పుడు తెల్సింది?"

"పొగ సూసినప్పుడే. తడి కట్టె పొగ పైకి లెగదు, కిందే తిరుగుతాది. ఇంకో అరగంట ఉంచాలని నాకు తెల్సు. తెల్సుండే తీసీసినాను." పుల్ల పారేశారు. "కట్టె నీది. మూత నాది."

కట్టెల సంగతి చెబితే ఆయన బరువు దిగుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ బరువుకి నా కట్టెలతో సంబంధమే లేదు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆయన అడిగారు. భయమేసిందన్నాను.

"నాకూ అదే" అన్నారు.

ఇంజను చల్లారాక నీళ్ళు పోసి, మళ్ళీ బయల్దేరాం.

మర్నాడు కట్టెలు నేనే తీసుకెళ్ళాను. ఆయన పొయ్యి ముట్టించి, మూత అంచు మూసి, స్టూలు వేసుకున్నారు. బయట కార్లలో వచ్చినవాళ్ళు నిలబడ్డారు. ఒకతను ఫోను పట్టుకుని లోపలికి వచ్చి, వీడియోకి ఒక్కసారి మూత తియ్యమన్నాడు. నేను కట్టెలు దించడం ఆపి చూస్తున్నాను. భాయ్ తువ్వాలు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "ఇంకా అవలేదు బాబూ" అన్నారు. అతను ఇంకోసారి అడిగాడు. ఆయన అదే మాట అదే గొంతుతో అన్నారు. కానీ రెండో చేత్తో స్టూలు అంచు గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఆ రోజు అడుగు ముక్క ఎముక దగ్గర విరిచి, మొదట నాకు చూపించారు.

ఆ నెలాఖరుకి హోటలు మూయలేదు. కొన్నాళ్ళకి ఎవరు చెప్పారో, క్రేన్ పెద్దాయన వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన తిన్న ప్లేటు భాయ్ తానే తీసుకెళ్ళి కడిగారు. ఆ భయం పూర్తిగా ఎన్నడూ పోలేదు. దాంతోనే ఇన్నాళ్ళూ వండారు.

భాయ్ పోయిన నాలుగో రోజున కొడుకు హోటలు తెరిచాడు. నేను కట్టెలన్నీ చెంపకు ఆనించి చూసి మరీ తీసుకెళ్ళాను. రోజూ తినేవాళ్ళు సందులో నిలబడి ఉన్నారు, ఎవరూ తొందర పెట్టడం లేదు. కొడుకు నిప్పులు పక్కకి తోసి, తండ్రి తువ్వాలు మడిచి మూత మీద వేశాడు. ఏళ్ళ తరబడి వేడికి, భాయ్ చెయ్యి ఆనించే చోట, ఆ తువ్వాలు మధ్యలో ఆయన అరచేతంత గోధుమరంగు మచ్చ పడింది. దాని మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు.

"తియ్యనా చాచా?"

పొగ నిటారుగా లేస్తోంది. రోజూ తీసే వేళ అయింది. అయినా ఆ మూత కింద ఏముందో అతనికీ తెలీదు, నాకూ తెలీదు.

"ఇంకాసేపుండనీ" అన్నాను.

అతను మళ్ళీ అడగలేదు. చెయ్యి అలాగే ఉంచాడు. దాని చుట్టూ ఆ మచ్చ ఇంకా కొంచెం కనబడుతూనే ఉంది.