పసుపు కొమ్ము నీడ

కరోనాకు ముందటి ఏడు నేను కరీంనగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఎక్స్-రే టెక్నీషియన్‌ని. గల్ఫ్‌కు పోయేవాళ్లను ఏజెంట్లు ముందుగా మా దగ్గరికే పంపేవాళ్లు. ఇక్కడ ఛాతీ ఫిల్మ్ బాగుంటేనే హైదరాబాద్‌లో అసలు మెడికల్. ఊపిరితిత్తి మీద మచ్చ కనబడితే 'అన్‌ఫిట్', అంటే పనికిరారని. ఆ వీసా ఇంకొకరికి పోతుంది.

ఒకరోజు లక్ష్మి వచ్చింది. భర్త సాంచాలు, అదే మరమగ్గాలు నడుపుతాడు. ఆమెకు కువైట్‌లో ఇంటిపని దొరికింది.

"రెండేండ్లు కండ్లు మూసుకుంటే ఇంటికి స్లాబ్ పడ్తది మేడం. వానొస్తే గిన్నెలు పెట్టే బాధ తప్పుతది."

"సరే సరే, ఒంటి మీద మెటల్ ఏమన్న ఉందా? బంగారం, వెండి, ఇనుము?" పొద్దంతా అడిగీ అడిగీ నా నోట అరిగిపోయిన ప్రశ్న అది.

"ఏం లేవు. పుస్తెలు సుత తీసి మా ఆయనకిచ్చిన."

గౌను తొడిగించి ఫిల్మ్ తీశాను. డాక్టరుగారు చూసి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మసక మచ్చ చూపించారు. "పాత టీబీ కావచ్చు. అన్‌ఫిట్ రాయాల్సిందే" అన్నారు.

ఆ మాట చెప్పగానే లక్ష్మి నేల మీద కూలబడింది. "నాకు దగ్గే లేదు మేడం! గీ వీసా పోతే మల్ల ఎవరిస్తరు?" అంటూ గౌను లోపల ఏదో గట్టిగా పట్టుకుంది.

"ఏందది?"

"పసుపు కొమ్ము. పుస్తెలు తీస్తే మెడ బోసిగ ఉండొద్దు గద, దారానికి కట్టుకున్న. మీరు బంగారం, ఇనుమే అడిగిన్రు."

నా తల నేనే బాదుకోవాలనిపించింది. నేనూ పెళ్లయినదాన్నే, నాకు తెలియనిదా! ఎండిన కొమ్ము గట్టిగా ఉంటుంది, దారం పక్కకు జరిగితే ఫిల్మ్ మీద దాని నీడ ఊపిరితిత్తి మీది మచ్చలా పడుతుంది.

"జల్ది తియ్యి చెల్లె, ఇంకోసారి చూద్దాం."

ఆమె కదల్లేదు. తలుపు అవతలి నుంచి భర్త గొంతు వినిపించింది. "తియ్యవే, నేన్ ఈడనే ఉన్న గద!"

తీసి అతని చేతిలో పెట్టి వచ్చింది. రెండో ఫిల్మ్‌లో మచ్చ లేదు. డాక్టరుగారు 'ఫిట్' అని రాశారు.

"తప్పు నాదే, సక్కగ అడగలే" అన్నాను.

"ఆలస్యమైనా అడిగిన్రు గద మేడం" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

అప్పటినుంచి మెటల్ సంగతి తర్వాత. మెడలో, జడలో, భుజానికి ఏం కట్టుకున్నారని మొదట అడుగుతున్నాను. కానీ లక్ష్మి కంటే ముందు ఎంతమంది మెడలో కొమ్ముతో నా ముందు నిలబడ్డారో, ఎంతమందిని మచ్చ ఉందని ఇంటికి పంపించేశానో నాకు తెలియదు.