రాళ్ళ దగ్గర హాల్టు

తెల్లవారుజామున నాలుగుంపావుకి డ్రైవరు అప్పన్న రేడియేటరులో నీళ్ళు పోశాడు. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం పోస్తూ పోస్తూ బస్సు వెనక భాగం వైపు తిరిగి తిరిగి చూశాడు. బస్సుకు మూడు పక్కలా ముదురు రంగు తెరలు కట్టి ఉన్నాయి.

అది 1933, మాఘమాసం, కొరాపుట్. నేనప్పుడు ఒక మోటారు సర్వీసులో గైడుగా పనిచేసేవాణ్ణి. గైడంటే డ్రైవరు పక్కన వెనక్కి తిరిగి కూర్చుని, దారిలో కనిపించేదేమిటో ప్రయాణికులకు చెప్పేవాడు. మా బస్సులు రోజూ ఘాటు రోడ్డున కొండ దిగి సాలూరు వెళ్ళి వచ్చేవి. చలికాలంలో మా యజమాని స్పెషల్ ట్రిప్పులు కూడా నడిపేవాడు. ఎవరైనా బస్సు మొత్తం మాట్లాడుకుంటే ఒకే రోజులో భీమునిపట్నం తీసుకెళ్ళి, సముద్రం చూపించి, తిరిగి కొండ మీదికి చేర్చాలి. ఘాటు మొదట్లో ఒక గేటు ఉండేది. చీకటి పడగానే దానికి గొలుసు వేసేవారు. ఆ తరువాత ఎంతటివాడి మోటారైనా కొండ ఎక్కడానికి లేదు. అందుకని ఈ పనిలో సముద్రం ముందు నిలబడ్డా మనసు గేటు దగ్గరే ఉండేది.

ఈ ట్రిప్పులకు యజమాని కాగితాలు అచ్చువేయించి బజారులో పంచాడు. వాటి మీద ‘అగ్నిపర్వత సముద్రతీర దర్శనం’ అని ఉండేది. ఆయన ఏదో ఇంగ్లీషు పత్రికలో నల్లటి రాళ్ళు, పొగలు కక్కే కొండ, పక్కన సముద్రం ఉన్న బొమ్మ చూశాడు. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కనుక అవి కూడా కాలిపోయిన కొండలేనని నిశ్చయించుకున్నాడు. నేను కాదంటే, “రంగు లేందే టిక్కెట్టు తెగదు మాస్టారూ, కొంచెం రంగెయ్యండి” అనేవాడు. నేను అంతకు ముందు పార్వతీపురంలో బడిపంతులుని. నా భార్య పోయాక ఆ ఊళ్ళో ఉండలేక కొండెక్కాను. ఈ ఉద్యోగంలో రోజంతా మాట్లాడుతూ ఉండవచ్చు, నా గురించి ఒక్క మాట కూడా మాట్లాడనక్కరలేదు. అది నచ్చింది. రంగు మాత్రం వెయ్యలేకపోయాను.

ఆ రోజుది ఘోషా పార్టీ. జమీందారు ఎస్టేటు కొలువులో ఉన్న కొన్ని తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడేవారు కారు. వాళ్ళు వస్తే బస్సుకు తెరలు కట్టేవాళ్ళం. నేను తెరకు ఎదురుగా కూర్చుని, బయట ఏముందో తెర లోపలికి చెప్పాలి. చూడ్డానికి బయలుదేరినవాళ్ళకు వినిపించడమే నా పని. నూతిలోకి మాట్లాడినట్టు ఉండేది.

బస్సు మాట్లాడినాయన జగన్నాథంగారు, ఎస్టేటులో శిస్తు వసూళ్ళు చూసే అమీను. లోపల ఆయన వదిన నరసమ్మగారు, ఇద్దరు పనిమనుషులు ఉన్నారు. ఆయన మేనత్త బుచ్చమ్మగారు కూడా ఉంది. ఆవిడ వయసుకి ఘోషా లేదు, నోటికి అంతకన్నా లేదు. తెర చీలిక దగ్గర కూర్చుని లోపలి మాట బయటికి, బయటి మాట లోపలికి ఆవిడే చేరవేసేది.

అందరూ ఎక్కాక అమీనుగారు నన్ను పక్కకు పిలిచారు.

“మాస్టారూ, ఒక మాట. మా వదిన కొడుకు రెండేళ్ళ కిందట భీమిలి ఒడ్డున పోయేడు. అన్నయ్య లేడు గదా, విశాఖపట్నంలో నేనే చదివించేను. పోయిన చోటు చూడాలని ఆవిడ పట్టు. ఊరికి దగ్గర్లో ఇసుక బాగుంటుందే, అక్కడ ఆపించండి. అదే చోటని నేను చెప్పుకుంటాను. దక్షిణాన ఆ రాళ్ళ వేపు మాత్రం వద్దు.”

“పోయింది రాళ్ళ దగ్గరా?”

“అవును. మనిషి దొరికేసరికి చూసేలాగ లేడు. ఆవిడకి చూపించలేదు. ఇసుక దగ్గర స్నానం చేస్తూ మునిగిపోయేడు, నొప్పి తెలీకుండా పోయేడు అని చెప్పేం. అలాగే ఉండనివ్వండి.”

“నా అంతట నేను చెప్పనండి. ఆవిడ అడిగితే?”

“అడగదు. పరాయి మగాడితో మాటాడదు” అని ఆయన బస్సెక్కారు.

ఘాటు మలుపుల్లో మంచు పట్టి ఉంది. అప్పన్న హారను కొడుతూ దింపుతున్నాడు. ప్రతి మలుపుకీ బుచ్చమ్మగారు కడుపు పట్టుకునేది.

“ఓలమ్మో, ఈ బండి నా పేగులు లెక్కెట్టేస్తంది! ఒరే అప్పన్నా, మెల్లిగా తోలరా, నీ పుణ్యముంటాది!”

“మెల్లిగా తోల్తే గేటు మూసేత్తారు మామ్మా. రేత్రి సాలూరు సత్రంలో నల్లులు నిన్ను లెక్కెడతాయి.”

“నీ నోట్లో నల్లులు పడ!”

నేను నా పని చేసుకుంటూ పోయాను. ఎడమ వైపు లోయ, లోయలో మంచు, మంచు కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు. సాలూరు దాటాక చెరుకు తోటలు. విజయనగరం దాటాక తాటిచెట్లు, వాటి వెనక తెల్లటి ఆకాశం. తెర కదలలేదు. లోపల ఒక మనిషి ఏం చూడాలని వస్తోందో నాకు తెలుసు. ఆవిడకు తాటిచెట్లు వర్ణించడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర బస్సు ఆగింది. దిబ్బల నిండా వాన కోసిన గండ్లు. గోడలు నిలువుగా, ఇటుక రంగులో ఉన్నాయి. వాటి మధ్య నడిస్తే సముద్రం వినిపిస్తుందే కాని కనిపించదు. బుచ్చమ్మగారు తెర చీలికలోంచి తల బయట పెట్టింది.

“మాస్టారూ, మా అమ్మి నరసమ్మ అడుగుతంది. కాయితంలో రాసినట్టు ఇది అగ్గికొండేనా అని.”

“కాదండి. ఇది ఇసుక. గాలి పోగేసింది, వాన కోసింది. ఎరుపు కాలడం వల్ల వచ్చింది కాదు, ఇనప తుప్పు లాంటిది. చదివినంతలో నాకు తెలిసింది అంతే.”

“మరా కాయితం ఏటి?”

“అది మా యజమానిగారి రాత.”

“అయితే మీ యజమాని అబద్ధాలకోరన్నమాట!”

“అలాగనకు మామ్మా, జీతమిచ్చీది ఆయనే” అన్నాడు అప్పన్న. తెర వెనక ఎవరో చిన్నగా నవ్వారు. అమీనుగారు మాత్రం, అగ్గికొండ అనేస్తే ఏం పోయిందన్నట్టు నా వైపు చూశారు.

మధ్యాహ్నానికి ఇసుక ఒడ్డుకు చేరాం. పనిమనుషులిద్దరూ అటొకరు ఇటొకరు దుప్పట్లు చాపి పట్టుకున్నారు. ఆ రెండు దుప్పట్ల సందులో నరసమ్మగారు నీళ్ళ దాకా నడిచింది. నేనూ అప్పన్నా వీపు తిప్పి నిలుచున్నాం. అమీనుగారి గొంతు వినిపించింది.

“ఇదే వదినా. ఇక్కడే.”

ఏడుపు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు. నీళ్ళు వచ్చి పోతున్న చప్పుడే ఉంది, అదీ మెత్తగా. కాసేపటికి దుప్పట్లు వెనక్కి వచ్చాయి. ఆవిడ బస్సెక్కింది. బుచ్చమ్మగారు పులిహోర పొట్లాలు పంచింది. అప్పన్న తన పొట్లం సగం తిని, ఎండ వైపు చూసి, “బయల్దేరితే గేటుకి సులువుగా అందుకుంతాం” అన్నాడు. అమీనుగారి ముఖం తేలిక పడింది.

అప్పుడు తెర వెనక నుంచి కొత్త గొంతు వినిపించింది.

“మాస్టారూ.”

బుచ్చమ్మగారు నములుతున్నది ఆపేసింది.

“మీరు అగ్గికొండ కాదన్నారు గదా. ఇది కూడా చెప్పండి. నా కొడుకు పోయింది ఇక్కడేనా?”

“వదినా!” అన్నారు అమీనుగారు.

“నువ్వుండు బాబూ. రెండేళ్ళు నువ్వే చెప్పేవు.” గొంతు పెరగలేదు. “మేం రాయగడలో ఉండగా వాడు నాగావళి వరదలో ఈదీవాడు మాస్టారూ. ఎన్ని తిట్లు తిట్టేనో దానికి. ఇప్పుడీ సముద్రంలో నేను నిలబడ్డాను. మోకాళ్ళు దాటలేదు. నాలాటి ముసిల్దాన్నే పడెయ్యలేదే, వాణ్ణెలా ముంచుతుంది? వాడు మునగాలనుకుంటే తప్ప మునగడు.”

“ఆఖరిసారి ఇంటికొచ్చినప్పుడు చదువు మానేస్తానన్నాడు. మానేస్తే నా గడప తొక్కొద్దన్నాను. తొక్కలేదు. ఇసక మీద స్నానం చేస్తూ పోయేడని మీరు చెప్పిన దగ్గర్నించీ నాకు అనుమానమే. నేనే తోసేసేననుకుంటున్నాను. ఈ నీళ్ళు చూసేక అనుమానం కూడా పోయింది.”

అమీనుగారి వైపు చూశాను. ఆయన చేతిలో పొట్లం వంగిపోయి మెతుకులు ఇసుకలో పడుతున్నాయి. ఆవిడ ఇలా అనుకుంటోందని ఆయనకు తట్టలేదు. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా తట్టలేదు. మెత్తటి చోటు చూపిస్తే మెత్తటి చావు అనుకుంటుందని ఆయన లెక్క. మెత్తటి చోట ఈతగాడు చావడని తల్లి లెక్క.

“ఇక్కడ కాదమ్మా. దక్షిణాన రాళ్ళున్నాయి, అక్కడ” అన్నాను.

అమీనుగారు నన్ను ఆపలేదు. అప్పన్న లేచి చెయ్యి దులుపుకున్నాడు.

“అటెల్తే గేటు అందదేమో బాబూ” అన్నాడు అమీనుగారితో. ఆయన బస్సు వైపు నడిచేసరికి, “సరే, తోల్తాను. సూద్దాం” అని ఇంజను హ్యాండిలు తిప్పడానికి పోయాడు.

రాళ్ళ దగ్గర సముద్రం చప్పుడే వేరు. నల్లటి రాళ్ళు నీళ్ళలోకి పొడుచుకుని పోయి ఉంటాయి. వాటి మధ్య లోతైన చీలికలు. ఒక పెద్ద బల్లరాయి చివర పొడిగా, ఎవరైనా వెళ్ళి కూర్చునేటట్టు ఉంది. గాలి విసురుకి దుప్పట్లు నిలవలేదు. ఒకటి పనిమనిషి చేతిలోంచి లేచిపోయి బుచ్చమ్మగారి తల మీద పడింది. ఆవిడ దాన్ని లాగి పారేసి, “పోన్లే ముండాది, ఇక్కడెవులు సూడొచ్చేరు” అంది. నరసమ్మగారు తెర లేకుండానే నడిచింది. నేను ముఖం తిప్పుకోబోయాను. “చూపించండి మాస్టారూ” అంది.

నేను వర్ణించలేదు. ఆ బల్లరాయి వైపు చెయ్యి చాపి, “కాసేపు ఆ రాయిని చూడండమ్మా” అన్నాను. చీలికల్లో చప్పుడే కాని, పైకి సముద్రం ఇసుక దగ్గర ఉన్నంత శాంతంగానే ఉంది. రాయి పొడిగానే ఉంది. ఇక ఏమీ జరగదేమో అనుకుంటుండగా ఒక నీటి పోటు చీలికలో దూరి, కింద నుంచి లేచి, రాయి మొత్తం ఒక్కసారి కప్పేసి, వెనక్కి లాగేసింది. మళ్ళీ రాయి ఖాళీ. నరసమ్మగారు అడుగు వెనక్కి వేసింది.

“వాడక్కడ ఏం చేస్తున్నాడు?”

చెప్పవలసింది నేను కాదు. అమీనుగారు ఆవిడ పక్కకు వచ్చారు.

“గాలం వేస్తున్నాడు వదినా. ముగ్గురు స్నేహితులు ఉన్నారు. చేప తగిలితే రాత్రికి వండిద్దామనుకున్నారట. వాడు వెనక్కి తిరిగి వాళ్ళతో ఏదో చెప్పి నవ్వుతున్నాడట. ఇలాంటిదే ఒకటి లేచింది. ఈత కుదిరే చోటు కాదు. రాళ్ళకి కొట్టేసింది. నొప్పి లేకుండా పోయేడని నువ్వనుకోవాలని…”

“నొప్పి సంగతి నేనడిగేనా బాబూ?” అంది ఆవిడ.

ఆయన అక్కడే చతికిలబడి తల పట్టుకున్నారు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి రాయి వైపే చూస్తూ నిలబడింది. పోటు లేచినప్పుడల్లా ఆవిడ పెదవులు కదిలేవి. ఏమందో తెలియదు. తరువాత, “నవ్వుతున్నాడా?” అని ఒకసారి అడిగింది. “అవును వదినా, ముగ్గురూ అదే చెప్పేరు” అన్నారాయన. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. అప్పన్న గేటు మాట ఎత్తలేదు.

చివరికి ఆవిడే, “పదండి, గేటు మూసేస్తారు గదా” అంది.

తిరుగు ప్రయాణంలో నేను ఉపన్యాసం చెప్పలేదు. విజయనగరం దాటాక బుచ్చమ్మగారు ఒక పక్క తెర చుట్టి పైకి కట్టేసింది. నరసమ్మగారు తాటిచెట్లు చూస్తూ కూర్చుంది. ఘాటు దగ్గరికి వచ్చేసరికి కాపలావాడు గొలుసు చేత్తో పట్టుకుని నిలుచున్నాడు. “ఇంకో గడియైతే ఏసేద్దును” అన్నాడు. “నువ్వేస్తే మా మామ్మ నీ పేగులు లెక్కెట్టును” అన్నాడు అప్పన్న. గేటు దాటాం.

ఆ నెలలోనే నేను సెలవు పెట్టి పార్వతీపురం వెళ్ళాను. నా భార్యకు చివరి రోజుల్లో మందులిచ్చిన కాంపౌండరు అక్కడే ఉన్నాడు. అప్పట్లో ఆయన, “నిద్రలోనే పోయేరు, ఏమీ తెలీలేదు” అన్నాడు. నేను తరచి అడగలేదు. ఈసారి అడిగాను. ఆయన చెప్పాడు. అది ఇక్కడ రాయను. వచ్చేటప్పుడు రైల్లో, చాలా కాలానికి, మంచి నిద్ర పట్టింది.

గైడు పనిలో నేను నేర్చుకున్నది చెప్పమంటే ఇదే. మనిషి చూడ్డానికి వచ్చినదాన్ని చూడనివ్వాలి. దాని మీద మనం పరిచేది పట్టు అయినా సరే, అడ్డమే. మా యజమానికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. అగ్నిపర్వతం కాగితాలు అయిపోయేదాకా పంచుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ దారిలో చాలా బస్సులు తిరుగుతున్నాయి. వాటికి తెరలు కట్టడం లేదు. ముందు సీటులో వెనక్కి తిరిగి కూర్చుని మాట్లాడేందుకు మనిషిని పెట్టడం కూడా మానేశారు.