వాటర్ పోలో ఆడేది ఎంతమంది

ఫలితాలు ఇంకా రాలేదు. అవి వచ్చేలోపే ఇది రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను. వచ్చాక రాస్తే నాకు అనుకూలంగా మార్చి రాస్తానేమోనని నా మీద నాకే అనుమానం. అక్కకు ఉద్యోగం వస్తే, ఏమీ కాలేదు కదా అని దులిపేసుకుంటాను. రాకపోతే ఏడుపు కలిపి రాస్తాను. ఇప్పుడు నా దగ్గర భయం ఒక్కటే ఉంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు వస్తుందని ఆశ.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. వనపర్తిలో మా ఇంటి వెనక గదిలో అద్దెకుంటుంది. సొంతూరు గద్వాల దగ్గర పల్లె. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ పూర్తి చేసి సర్కారు ఉద్యోగం పరీక్షలకు చదువుకుంటోంది. వాళ్లన్న కౌలు చేలో పత్తి పండిస్తాడు. ఈ ఒక్క పరీక్ష దాకా వనపర్తిలో ఉండు, రాకపోతే ఊరికి వచ్చెయ్ అన్నాడు. ఊరికి పోతే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "ఏం కాదు చెల్లె. మా వదిన మంచిదే. కాకపోతే ఆ ఇంట్ల నేను ఏడ కూసోవాల్నో కూడ వాళ్లే చెప్తరు" అంది. నవ్వుతూనే అంది.

నా సంగతి కూడా చెప్పాలి. మా అబ్బాకు కొత్తకోట హైవే మీద పంక్చర్ షాపు. నేను తెలుగు మీడియంలో ఇంటర్ చదివి ఆగిపోయాను. అమ్మీతో కలిసి జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం పూట ఖాళీ కాబట్టి అక్కకు పుస్తకాలు చదివిపెట్టే పని నెత్తికెత్తుకున్నాను. అక్క ఫోనే తెర మీది మెసేజీలను పైకి చదివి వినిపిస్తుంది. కానీ చేతులు మారి మారి వచ్చిన జిరాక్స్ బిట్ పేపర్లు దానికి మింగుడు పడవు. అవి మనిషే చదవాలి. నేను ప్రశ్నా జవాబూ చదివితే అక్క రెండుసార్లు తనలో తను చెప్పుకుని, ముఖ్యమైనది అనిపిస్తే దళసరి కాగితం మీద సూదిలాంటి పనిముట్టుతో బ్రెయిలీ చుక్కలు పొడుచుకునేది. పానిపట్టు యుద్ధాలు, రాజ్యసభ వయసు, కృష్ణానది పుట్టిన చోటు, శూన్యంలో ధ్వని ప్రయాణించకపోవడం, ఏ కప్పు ఏ ఆటకిస్తారో, అన్నీ అలా నా నోటి నుంచి అక్క వేళ్ల కిందికి పోయాయి. రెండేళ్లు చదివాను.

అది రంజాన్ నెల. రోజా ఉపవాసంలో ఉన్నాను, గొంతు ఎండిపోయింది. ఏ ఆటలో జట్టుకు ఎంతమంది అని ఒక పట్టిక. వాలీబాల్ ఆరు, బాస్కెట్‌బాల్ ఐదు, కబడ్డీ ఏడు. తర్వాత వాటర్ పోలో. అక్కడ కాగితం అంచున జిరాక్స్ మెషిన్ నల్లటి పట్టీ గీసేసింది. అంకె కనిపించలేదు. కనిపించట్లేదని చెప్పేస్తే సరిపోయేది. కానీ చూపు లేని మనిషితో "నాకు కనిపిస్తలేదు" అనడానికి నోరు రాలేదు. సిగ్గనిపించింది. నీళ్లలో బంతాట అంటే వాలీబాల్‌కు చుట్టమే అయ్యుంటుందిలే అనుకుని "ఆరు" అన్నాను. అక్క రెండుసార్లు చెప్పుకుని కాగితం మీద పొడుచుకుంది. నేను తర్వాతి వరుసకు పోయాను.

మాకిద్దరికీ ఆ ఆట ఎలా ఉంటుందో తెలియదు. కృష్ణలో ఈత కొట్టే పిల్లలను చూశాను గానీ, నీళ్లలో గోల్ వేసేవాళ్లను మా పాలమూరులో ఎవరు చూశారు?

వారం తర్వాత గ్రంథాలయంలో ఒక పాత క్విజ్ పుస్తకం తిరగేస్తుంటే అదే ప్రశ్న కనిపించింది. జవాబు ఏడు. ఇంటికి పోయి చెప్పేద్దామనే బయల్దేరాను. గదిలోకి పోయేసరికి అక్క ఫోన్‌లో వాళ్లన్నతో మాట్లాడుతోంది. "నా చెల్లె సదివితే ఒక్క తప్పు రాదన్నా. నాకు గా పరేషానే లేదు" అంటోంది. ఆ మాట విన్నాక ఇంక ఏం చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. ఒక్క అంకె తప్పని చెబితే, మిగతావన్నీ నిజమేనా అని అడగదా? రేపు కాస్తా ఎల్లుండి అయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకసారి మాదిరి ప్రశ్నపత్రం చదువుతుంటే ఆ ప్రశ్నే వచ్చింది. నేను దాన్ని దాటేశాను. ప్రశ్నల లెక్క తగ్గకూడదని, మనిషి ఒంట్లో పెద్ద గ్రంథి ఏదని నా సొంతంగా ఒక ప్రశ్న కల్పించి అడిగాను. "కాలేయం" అని అక్క టక్కున చెప్పింది. శభాష్ అన్నాను. ఆ శభాష్ తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఏ పేజీ తీసినా నా కళ్లు ముందే కిందికి పరుగెత్తి ఆటల ప్రశ్నలున్నాయా అని వెతికేవి. జనరల్ నాలెడ్జ్ అంటే లోకమంత ఉంటుంది, అందులో ఈ ఒక్కటే వస్తుందా అని ధైర్యం చెప్పుకునేదాన్ని. వస్తే, అని వెంటనే ఇంకో ఆలోచన వచ్చేది.

పరీక్షలో అక్క చెప్పిన జవాబులకు సున్నాలు నింపడానికి నన్నే తోడు పెట్టుకుంది. రాసేవాళ్ల చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువ ఉండాలట. నా ఇంటర్ అలా మొదటిసారి పనికొచ్చింది. పరీక్షకు వారం ముందు గద్వాలలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. ఆడపిల్లలందరూ మెహందీ పెట్టుకుంటుంటే నేను రెండు పిడికిళ్లు బిగించి కూర్చున్నాను. చేతుల మీద మెహందీ ఉంటే వేలిముద్ర దగ్గర ఆపేస్తారని ఎవరో చెప్పారు. "నీకేమైన సర్కారు నౌకరీ వస్తుందా, గంత భయపడుతున్నవ్" అని మా మేనత్త ఫుఫ్ఫూ ఆటపట్టించింది. నా భయం మెహందీ గురించి కాదని ఆమెకెలా చెప్పను?

సెంటర్ నాగర్‌కర్నూల్‌లో పడింది. పొద్దున్నే బస్సులో పోయాం. గేటు దగ్గర మహిళా కానిస్టేబుల్ నా స్కార్ఫ్ తడిమి, చెవి కమ్మలు తీయించింది. లోపల ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అభ్యర్థి చెప్పిన జవాబే నింపుతాను, నా అంతట నేను ఏదీ చేర్చను, సూచించను అని అందులో ఉంది. సంతకం పెట్టేశాను.

మాకు విడిగా ఒక చిన్న గది ఇచ్చారు. ఇన్విజిలేటర్ మేడం ఎదురుగా కుర్చీ వేసుకుంది. నేను ప్రశ్న చదవడం, నాలుగు ఆప్షన్లు చదవడం, అక్క చెప్పిన నంబరు ఎదురుగా నల్ల పెన్నుతో సున్నాను నింపడం. వరుస తప్పితే మొత్తం గోవిందా కాబట్టి ప్రతిసారీ ఎడమ చూపుడువేలు ప్రశ్న నంబరు మీద పెట్టి ఉంచాను. అక్క బాగా చెబుతోంది. చరిత్ర గబగబా అయిపోయింది. రాజ్యాంగం ప్రశ్నలకు ఆప్షన్లు పూర్తికాకుండానే చెప్పేస్తోంది. నాకూ కొంచెం ఊపిరి ఆడింది. పేజీ తిప్పాను.

ఎనభై మూడో ప్రశ్న.

చదవడానికి ముందే కనిపించింది. దీన్ని దాటెయ్యడానికి లేదు. "వాటర్ పోలో ఆటలో ఒక్కో జట్టు తరఫున ఎంతమంది ఆడతారు? ఒకటి, ఐదుగురు. రెండు, ఆరుగురు. మూడు, ఏడుగురు. నాలుగు, తొమ్మిది మంది." అక్క ముఖం వెలిగింది. తెలిసిన ప్రశ్న వచ్చిన సంతోషం. "రెండో ఆప్షన్. ఆరు" అంది.

పెన్ను రెండో సున్నా మీద పెట్టాను. పక్కనే మూడో సున్నా, గోరంత దూరం. అది దిద్దితే ఎవరికి తెలుస్తుంది? అక్కకు రావలసిన మార్కే కదా, నేను పాడుచేసిందే కదా, నేనే సరిచేస్తే తప్పేముంది? ఈ ఒక్క మార్కు దగ్గరే ఉద్యోగం ఆగిపోతే? అక్కను అడగకుండా మళ్లీ నేనే జవాబు నిర్ణయించినట్టవుతుంది కదా అన్న ఆలోచనా ఉంది. కానీ అంత ఆలోచించి ఆగానని చెబితే అబద్ధమవుతుంది. మేడం కుర్చీలోంచి లేచింది. ఆమె నీడ కాగితం మీద పడింది. దొరికితే అక్కను పరీక్షలోంచే తీసేస్తారు. రెండో సున్నా నింపేశాను. నిజాయితీ అని రాసుకుంటే బాగుంటుంది. అది భయం.

మిగతా ప్రశ్నలు ఎలా చదివానో గుర్తులేదు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. నాగర్‌కర్నూల్ దాటాక అక్క తల నా వైపు తిప్పి అడిగింది.

"చెల్లె, ఎనభై మూడో ప్రశ్న కాడ పెన్ను సప్పుడు ఎందుకు ఆగింది?"

అబద్ధం చెప్పడానికి ఒక క్షణం వెతికాను. దొరకలేదు. అన్నీ చెప్పేశాను. నల్ల పట్టీ, నా సిగ్గు, గ్రంథాలయం, దాటేసిన ప్రశ్న, ఆ శభాష్‌తో సహా. చెబుతుంటే ఏడుపు వచ్చింది. అక్క ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంక ఎన్ని ఉన్నయి గట్ల?" అంది.

ఒక్కటే అనబోయాను. నాకు గుర్తున్నది ఒక్కటే. కానీ రెండేళ్ల మధ్యాహ్నాలు కళ్ల ముందు తిరిగాయి. నిద్ర ముంచుకొచ్చినవి, అమ్మీ పిలిస్తే సగంలో లేచిపోయినవి, వేలు పెట్టకుండా గబగబా చదివేసినవి. వాటిలో ఎన్ని వరుసలు జారాయో నేనెలా ప్రమాణం చేయను?

"తెల్వదు అక్కా" అన్నాను.

అక్క తల ముందుకు తిప్పుకుంది. గోపాల్‌పేట వచ్చేదాకా పెదాలు కదులుతూనే ఉన్నాయి. లోపల పేజీలు తిరగేస్తోందని తెలుస్తోంది. తర్వాత మెల్లగా అడగడం మొదలుపెట్టింది.

"రాజ్యసభకు ముప్పై ఏండ్లు. నిజమేనా?"

"నిజమే అక్కా."

"మూడో పానిపట్టు పదిహేడు వందల అరవై ఒకటి?"

"నిజమే."

"వాలీబాల్ ఆరు?"

"నిజమే, అది కనిపించింది."

అక్క ఉద్యోగం గురించి అడగలేదు, అన్న ఏమంటాడోనని అనలేదు. ఒక్కో జవాబునూ, తెలియని ఇంట్లో కాలితో గడప తడుముకున్నట్టు, నెమ్మదిగా అడుగుతూ పోయింది. అంతకుముందు ఆమెకు తెలిసిన సంగతులే అవన్నీ. ఇప్పుడు ఒక్కటీ తెలియదు. నాకు ఎనభై మూడో ప్రశ్న కంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే. వెనక సీటాయన మాకేదో అయిందన్నట్టు చూస్తున్నాడు.

వనపర్తి బస్టాండులో దిగాం. ఎప్పుడూ దిగగానే నా మోచెయ్యి పట్టుకునే మనిషి, సంచి జిప్పు తీసి, మడిచిన కర్రను బయటికి తీసి విదిలించింది. ఒక్కో ముక్కా టక్ టక్‌మని నిటారుగా నిలబడింది.

"రేపు మద్యాన్నం రా. మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి" అంది. కర్రతో నేల తడుముకుంటూ జనంలో నడవసాగింది. నేను నాలుగడుగులు వెనక నడిచాను, ముందుకు పోయి చెయ్యి ఇవ్వడానికి ధైర్యం లేక.