కుప్పం డిష్షుకు మెమో

2002 జూన్‌లో నన్ను సీనియర్ నెట్‌వర్క్ ఇంజినీరుగా మదనపల్లెకు వేశారు. మాది ఒక ప్రైవేటు సంస్థ. ఒక పాల కంపెనీ శీతల కేంద్రాలను ఉపగ్రహం ద్వారా కలిపే కాంట్రాక్టు మాది. ప్రతి కేంద్రంలో మిద్దె మీద ఒక డిష్షు, కింద గదిలో ఒక కంప్యూటరు, దాని ముందు మా టెక్నీషియన్ ఒకడు. పుంగనూరుకు శామ్యూల్, కుప్పానికి మునిరత్నం. ఇద్దరూ ప్రొబేషన్‌లో ఉన్నారు. ప్రొబేషన్‌లో మూడు మెమోలు పడితే ఇంటికే. నేను చేరేసరికే మునిరత్నానికి రెండు పడ్డాయి.

ఆ మెమోలు ప్రతి సోమవారం చేసే వేగ పరీక్ష పుణ్యం. మదనపల్లె నుంచి ఒక ఉచిత ప్రోగ్రామ్ డేటా పంపేది, కేంద్రంలో అదే ప్రోగ్రామ్ అందుకుని సెకనుకు ఎన్ని కిలోబిట్లు వచ్చాయో చెప్పేది. అది విండోస్‌లోనూ నడుస్తుంది, లినక్స్‌లోనూ నడుస్తుంది. లైను రెండు చోట్లా ఒకటే, అయిదువందల పన్నెండు కిలోబిట్లు. పుంగనూరుకు నాలుగువందల డెబ్బై వచ్చేది. కుప్పానికి నూరు దాటితే ఒట్టు.

మా రీజినల్ మేనేజరు గారి పేరు మర్యాద కోసం చెప్పను. ఆయనకు నెట్‌వర్క్ అంటే ప్రొఫార్మా. అందులో కేంద్రం పేరు, బాధ్యుడి పేరు, వేగం అని మూడు గడులు ఉండేవి. అంకె తగ్గితే ఎదురుగా పేరు ఉండనే ఉంది, ఇంక ఆలోచించాల్సిన పనేముంది!

నేను కుప్పం వెళ్లేసరికి మునిరత్నం మిద్దె మీదే ఉన్నాడు.

"ఎన్నిసార్లు తిప్పినా అంతే వస్తాండాది సార్. ఈ డిష్షును ఇంక యాల తిప్పేది? మెమోలో మాత్రం సరిగా తిప్పలేదని రాసినారు," అన్నాడు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది.

సిగ్నల్ కొలిచాను. పుంగనూరు కన్నా ఒక పిసరు మెరుగ్గానే ఉంది. కింద గదిలో కంప్యూటరు చూస్తే విండోస్ 98. పుంగనూరులో ఏముందని శామ్యూల్‌కు ఫోన్ చేశాను.

"హార్డ్ డిస్క్ పోయింది సార్. కొత్త విండోస్‌కు పర్మిషన్ అడిగినా, యాడా రాలేదు. కంప్యూటర్ పత్రికతో ఊరికే ఇచ్చిన సీడీ ఉంటే లినక్స్ ఏసేసినా. తప్పా సార్?"

అనుమతి రాకపోవడం వల్ల బాగుపడిన పనిని నా సర్వీసులో చూడటం అదే మొదటిసారి.

సంగతి ఇది. అందుకునే కంప్యూటరు "ఇంత పంపు, అందిందని నేను చెప్పాక మళ్లీ పంపు" అంటుంది. విండోస్ 98 ఎవరూ మార్చకపోతే ఒక దఫాకు ఎనిమిది కిలోబైట్లే అడుగుతుంది. లినక్స్ అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది. ఆఫీసు గదిలో ఈ తేడా కనిపించదు. ఉపగ్రహం దాకా పోయి రావడానికి అర సెకను పైనే పడుతుంది కాబట్టి ఇక్కడ కనిపిస్తుంది. ఒక్క బిందె పట్టుకుని వీధి కుళాయికి వచ్చి, నింపుకుని, ఇంట్లో దింపి, మళ్లీ వచ్చే మనిషిని చూసి కుళాయిలో ధార లేదన్నట్టుంది మా పరీక్ష.

ఇదంతా రాసి పంపాను. మేనేజరు గారు సిద్ధాంతాలు వద్దు, అంకెలు చూపించమన్నారు. సరే, చూపిద్దామనుకున్నాను. పాల వ్యాన్‌లో క్యాన్ల మధ్య పెట్టించి కుప్పం కంప్యూటరును పుంగనూరుకు, పుంగనూరుదాన్ని కుప్పానికి మార్పించాను. సోమవారం పరీక్షలో కుప్పానికి నాలుగువందల డెబ్బై వచ్చింది, పుంగనూరుకు నూరు. డిష్షులను ఎవరూ ముట్టుకోలేదు. ఇంతకన్నా రుజువేం కావాలని ఎగిరి గంతేశాను.

మేనేజరు గారు కూడా సంతోషించారు. మెమోలు పనిచేశాయనీ, మునిరత్నం దారిలో పడ్డాడనీ, ఇప్పుడు శామ్యూల్‌కు నిర్లక్ష్యం పెరిగిందనీ తేల్చారు. మరుసటి రోజే శామ్యూల్‌కు మొదటి మెమో వెళ్లింది.

శామ్యూల్ నాకు ఫోన్ చేశాడు. "నెలకోసారి ఆ డబ్బాను అటూ ఇటూ మార్చుకుంటాము సార్. ఒగ నెల నాకు మెమో, ఒగ నెల మునిరత్నానికి." వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చివరికి చేసిన మరమ్మతు రెండు నిమిషాల పని. విండోస్ సెట్టింగుల్లో ఆ ఎనిమిదిని అరవై నాలుగు చేసి, కంప్యూటరును ఆపి మళ్లీ వేశాను. రెండు కేంద్రాలూ సమానమయ్యాయి. నివేదికలో కారణం అన్నచోట "కంప్యూటర్ సెట్టింగు లోపం, సిబ్బంది తప్పు లేదు" అని రాశాను.

మేనేజరు గారు తలుపు వేసి కూర్చోబెట్టారు. అలా రాస్తే ఇద్దరికీ కలిపి ఇచ్చిన మూడు మెమోలూ తప్పని తానే సంతకం పెట్టినట్టవుతుందన్నారు. లైను బాగైంది కదా, ఇంక ఎవరికీ మూడోది రాదు కదా అన్నారు. కాఫీ తెప్పించారు. నేను ఆ వాక్యం కొట్టేసి "సిబ్బంది శ్రద్ధ పెరిగినందువల్ల" అని రాశాను. మునిరత్నం ఉద్యోగం ఎలాగూ నిలిచిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

డిసెంబరులో ప్రొబేషన్ ఫైళ్లు హెడ్డాఫీసుకు వెళ్లాయి. ఒక్క మెమో ఉన్న శామ్యూల్‌ను పర్మనెంట్ చేశారు. మునిరత్నం ఫైలులో రెండు మెమోలతో పాటు, ఆ తర్వాతే శ్రద్ధ పెరిగిందని నా సంతకంతో నివేదిక ఉంది. అంతకుముందు శ్రద్ధ లేదనడానికి వాళ్లకు అదే సాక్ష్యమైంది. అతన్ని తీసేశారు.

మునిరత్నం మదనపల్లెకు వచ్చి ఆ కాగితం నా బల్ల మీద పెట్టాడు. "ఇది రాసింది మీరేనా సార్?" అని అడిగాడు. అవునన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో చేరాడని తర్వాత తెలిసింది.

పరీక్ష చెప్పిన అంకె పక్కన ఏ కంప్యూటరు మీద పరీక్షించామో రాయాలని అప్పటినుంచి నా కింద పనిచేసిన ప్రతివాడికీ చెప్పాను. అది వృత్తి పాఠం, ఎవరైనా నేర్పగలరు. నాకు అసలు పాఠం రెండోది. కారణం తెలిసి, దాన్ని కాగితం మీద పెట్టగలిగినవాడు ఒక్కడే ఉన్నప్పుడు, వాడు దాన్ని కొట్టేస్తే, తప్పు కంప్యూటరుది కాదు.