ముత్యం విప్పిన నాలుగు బోల్టులు

మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి బహ్రెయిన్ వచ్చిన ముత్యానికి ఇప్పుడు నలభై ఏడేళ్లు. వచ్చిన కొత్తలో ఆరేళ్లు కట్టడాల దగ్గర ఇనుప చువ్వలు వంచాడు. కానీ ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీలు వెల్డింగ్ చేసిన చెయ్యి అతనిది. ఆ సంగతి ఎవరో చెప్పగా విని, సల్మాబాద్‌లో గ్యారేజీ నడిపే యూసుఫ్ అతన్ని పిలిపించి, తుప్పు పట్టిన ఒక కారు తలుపు ముందు నిలబెట్టాడు. సాయంత్రానికి ముత్యం ఆ తలుపు కింది సగాన్ని కొత్త రేకుతో చేసి అతికించాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు యూసుఫ్ అతన్ని వదల్లేదు.

యూసుఫ్‌కు పాత ఇంగ్లండు కార్ల పిచ్చి. అరవైల నాటి, పైకప్పు లేని, ఇద్దరే పట్టే చిన్న స్పోర్ట్స్ కార్లను ఎక్కడెక్కడి నుంచో తెప్పించేవాడు. వాటి అసలు ఇంజన్ తీసేసి రెండింతల ఇంజన్ కూర్చి, చలికాలంలో సఖీర్‌లోని డ్రాగ్ ట్రాక్ మీద పరుగెత్తించేవాడు. ఆ రేసులో మలుపులుండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చ దీపం వెలగగానే పావు మైలు తిన్నగా దూసుకుపోవాలి. పన్నెండు సెకన్లలో అంతా అయిపోతుంది. ఆ పన్నెండు సెకన్ల కోసం ముత్యం ఎండాకాలమంతా రేకుల షెడ్డులో చెమటలు కక్కేవాడు.

అతనికి కారు నడపడం రాదు. కానీ అంత పెద్ద ఇంజన్ బలానికి ఆ చిన్న బండి ఒళ్లు చిరిగిపోకుండా ఎక్కడ పట్టీ వెయ్యాలో, ఏ గొట్టాన్ని ఎంత వంచాలో అతని కంటికి తెలుసు. యూసుఫ్ స్నేహితులు వచ్చి వెల్డింగును వేలితో నిమిరి చూసి, ఇది ఎవరి పని అని అడిగేవాళ్లు. యూసుఫ్ ముత్యాన్ని చూపించేవాడు. ముత్యం తల వంచుకుని గ్రైండర్ అందుకునేవాడు గానీ, ఆ పూట అన్నం కాస్త ఎక్కువే తినేవాడు.

జిదాఫ్స్‌లో అతని గదిలోనే భూమేష్ ఉండేవాడు. పక్క ఊరివాడు, ముత్యం కన్నా తొమ్మిదేళ్లు చిన్న. అద్లియాలో ఒక హోటల్లో గిన్నెలు తోముతాడు. ముత్యం ఫోన్లో చూపించే కార్ల ఫొటోలు చూసి, గల్ఫ్ అంతటినీ దుబాయి అనే ఊరి అలవాటుతో, “దుబాయి వచ్చి ఎంగిలి గిన్నెలు తప్ప ఏం చూసిన అన్నా? ఒక్కసారి నీ కారు ఉరుకుడు చూపెట్టు” అని అడుగుతూ ఉండేవాడు. జనవరిలో ఒక శుక్రవారం భూమేష్‌కు సెలవు దొరికింది. ముత్యం యూసుఫ్‌ను అడిగాడు. పరుగుకు ముందు వెనక టైర్లను గిర్రున తిప్పి వేడెక్కించేందుకు వాటి కింద నీళ్లు చల్లే మనిషి ఎలాగూ కావాలి కాబట్టి యూసుఫ్ సరేనని, భూమేష్ చేతికి పనివాళ్ల పట్టీ కట్టించాడు.

ఆ రోజు తెచ్చింది ఆకుపచ్చ కారు. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడవాటి ఇనుప గొట్టాన్ని షాఫ్టు అంటారు. అది కారు కింద, రెండు సీట్ల నడుమ గిర్రున తిరుగుతుంది. విరిగిందా, ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే దాని చుట్టూ ఉక్కు కట్టు ఉండి తీరాలని రేసు నియమం. ఆ కట్టును ముత్యమే చేసి, నాలుగు బోల్టులతో బిగించాడు. పొద్దున తనిఖీ చేసినవాళ్లు దాన్ని టార్చి వేసి చూసి, బాగుందన్నారు.

మొదటి పరుగులో, కొత్తగా వేసిన పొగగొట్టం ఆ కట్టుకు కొట్టుకుని టకటకా మోగింది. గొట్టాన్ని వేడిచేసి వంచాలంటే గంట పడుతుంది. రెండో పరుగుకు ఇరవై నిమిషాలే ఉంది. యూసుఫ్ వంగి చూసి, తమ ఇద్దరికీ అలవాటైన హిందీలో, యల్లా, త్వరగా, కట్టు తీసెయ్, ఒక్క పరుగే కదా, సాయంత్రం సరిచేద్దాం అన్నాడు. ముత్యానికి ఒక మాట నోటిదాకా వచ్చింది. యూసుఫ్ అప్పటికే హెల్మెట్ తగిలించుకుంటున్నాడు. ముత్యం కారు కిందికి దూరి నాలుగు బోల్టులూ విప్పాడు. మూడు నిమిషాల పని.

భూమేష్ నీళ్లు చల్లి, వెనక్కి నడిచి గోడ పక్కన నిలబడ్డాడు. ముత్యం వైపు చూసి నవ్వుతూ రెండు చెవులూ మూసుకున్నాడు. పచ్చ దీపం వెలిగింది. కారు రెండు గజాలు కదిలిందో లేదో, పెద్ద గంట కొట్టినట్టు ఒక మోత. షాఫ్టు విరిగి, నేలను గుద్ది, వెనక్కి ఎగిరింది. ముత్యం తల తిప్పేసరికి భూమేష్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, చేతులు కిందికి జారి ఉన్నాయి. ముత్యం పరుగున వెళ్లి పేరు పెట్టి పిలిచాడు. అంబులెన్సు వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నాడు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

పోలీసు స్టేషన్లో ముత్యం, విప్పింది నేనే అని చెప్పాడు. తప్పంతా తన మీదకే వస్తుందనీ, యూసుఫ్ తప్పుకుంటాడనీ అనుకున్నాడు. అలా జరిగినా బాగుండేదేమో. పక్క గదిలో యూసుఫ్, నేనే విప్పమన్నాను, అతనికి సంబంధం లేదు అని రాసిచ్చాడు. కొన్ని నెలలకు కోర్టు యూసుఫ్‌కు శిక్ష వేసింది. ముత్యాన్ని మాత్రం సాక్షిగా రాసుకుని ఆ వారమే వదిలేశారు.

శవపేటికతో ముత్యమే ఊరికి వెళ్లాడు. భూమేష్ తల్లి కనకవ్వ, పరాయి దేశంలో కొడుక్కి తోడున్నావు బిడ్డా అని అతని చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ చేతులను వెనక్కి తీసుకోలేక అలాగే నిలబడ్డాడు. పదకొండో రోజు కర్మ అయి చుట్టాలు వెళ్లాక, భూమేష్ భార్య జమున వాకిట్లో ఒంటరిగా కనిపించింది. ముత్యం కాస్త దూరంలో నేల మీద కూర్చున్నాడు.

“చెల్లె, కట్టు ఒకటుంటది. గది ఉంటే భూమేష్ బతుకుతుండె. దాన్ని ఇప్పింది నేనే. సేటు ఇప్పుమన్నడు, ఇప్పిన.”

జమున అతని వైపు తిరిగి అడిగింది. “నువ్వు ఇప్పనంటే ఏమైతుండె అన్నా? నౌకరికెల్లి తీసేస్తుండెనా?”

అవునంటే సరిపోయేది. పన్నెండేళ్లలో యూసుఫ్ తన మీద చెయ్యెత్తడం కాదు కదా, గొంతు కూడా పెంచలేదు. ముత్యం అబద్ధం ఆడలేకపోయాడు.

“తియ్యకపోతుండె. జర సణుగుతుండె.”

“అంతేనా?”

“అంతే.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగాక, “ఈ ముచ్చట మా అత్తకు చెప్పకు. ఆయుష్షు తీరి పోయిండనుకుంటది, గట్లనే అనుకోనియ్యి” అంది. లోపలికి వెళ్తూ గడప దగ్గర ఆగింది. “నువ్వు మళ్ల మా ఇంటికి రాకు అన్నా.”

ముత్యం బహ్రెయిన్ తిరిగివచ్చాడు. వచ్చేసరికి గ్యారేజీ మూతబడింది. గేట్లు, కిటికీ చువ్వలు చేసే షెడ్డులో చేరాడు. కార్ల పని ఉందని ఇద్దరు ముగ్గురు పిలిచినా పోలేదు. రంజాన్ వెళ్లిన వారానికి ఫోర్‌మన్ వచ్చి, పెద్ద బిళ్ల పట్టడం లేదు, గ్రైండర్ మీది అడ్డురేకు ఊడదియ్ అన్నాడు. బిళ్ల పగిలితే ముక్కలు మనిషి మీదికి ఎగరకుండా ఆపేది ఆ రేకే. తియ్యను భాయ్ అన్నాడు ముత్యం. ఫోర్‌మన్ అతని వైపోసారి చూసి, సరే, ఇంకో మిషన్ తెచ్చుకో అని వెళ్లిపోయాడు.

ముత్యం ఇనుప కుప్ప మీద కూలబడ్డాడు. అంతేనా అని జమున అడిగిన మాట గుర్తొచ్చింది. ఒంట్లో బాగోలేదని చెప్పి మధ్యాహ్నమే జిదాఫ్స్ బస్సెక్కాడు. గదిలో భూమేష్ మంచం మీద ఇప్పుడు నిజామాబాద్ నుంచి వచ్చిన కొత్త మనిషి ఉంటున్నాడు. అతను అన్నం వడ్డించి పిలిచాడు. ముత్యం ఆకలి లేదని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు.